జైలు బయట నడిచే శిక్ష: అమెరికాలో ప్రొబేషన్ షరతు తప్పితే ఏం జరుగుతుంది?

ప్రొబేషన్ అనే మాట మనకు ఉద్యోగాల వల్ల అలవాటు. గ్రామ సచివాలయంలో కొత్తగా చేరినవాళ్లకు రెండేళ్ల ప్రొబేషన్, తర్వాత డిక్లరేషన్, అప్పుడు పూర్తి జీతం. అమెరికాలో చదువుకుంటున్న పిల్లాడికి కోర్టు ప్రొబేషన్ వేసిందని ఫోన్ వచ్చినా ఇంట్లోవాళ్లకు ముందు తట్టేది ఈ అర్థమే. జైలు తప్పింది, గండం గడిచింది అనుకుంటారు. నిజానికి ఆ రోజుతో శిక్ష మొదలైంది. దాన్ని ఇంట్లో ఉంటూ, ఉద్యోగం చేసుకుంటూ అనుభవించాలి. షరతు తప్పితే జడ్జి మళ్లీ పిలిపిస్తారు. ఆ రెండో విచారణలో, మొదటి కేసులో ఉన్నంత రక్షణ ఉండదు. ఈ విషయం ముందే తెలిసి ఉంటే ఎంతోమంది జాగ్రత్త పడతారనే ఆశతో ఇది రాస్తున్నాను.

ముందు మూడు మాటలు విడదీసుకోవాలి: ప్రొబేషన్, పెరోల్, సూపర్‌వైజ్డ్ రిలీజ్. మూడింటిలోనూ షరతులుంటాయి, నిఘా పెట్టే ఆఫీసర్ ఉంటారు. అందుకే బయటి నుంచి చూస్తే ఒకేలా కనిపిస్తాయి.

ప్రొబేషన్ పుట్టింది బూట్లు కుట్టే ఒక మనిషి దయ నుంచి. 1841లో బోస్టన్ పోలీసు కోర్టులో జాన్ అగస్టస్ అనే ఆయన కూర్చుని ఉండగా, తాగుబోతుతనం నేరం కింద ఒకణ్ణి చిరిగిన బట్టలతో తెచ్చి నిలబెట్టారు. ఇక తాగనని అతను మాట ఇస్తే అగస్టస్ జామీను పడ్డారు. మూడు వారాల తర్వాత వాయిదాకి వచ్చిన మనిషి పూర్తిగా మారిపోయి ఉన్నాడు. జడ్జి అతన్ని జైలుకి పంపలేదు. ఒక్క సెంటు జరిమానా, కోర్టు ఖర్చులు కట్టించుకుని వదిలేశారు. ఆ తర్వాత అగస్టస్ చనిపోయేలోగా దాదాపు రెండు వేల మందికి ఇలాగే పూచీ పడ్డారు. 1878లో మసాచుసెట్స్ రాష్ట్రం దీన్ని చట్టం చేసింది, 1925లో ఫెడరల్ (కేంద్ర) ప్రభుత్వం చేసింది. అంటే ప్రొబేషన్‌లో జైలు బదులు బయటే ఉంచుతారు.

పెరోల్ వేరు. జైలుశిక్షలో కొంత భాగం పూర్తయ్యాక, మిగతా భాగాన్ని బయట గడపనివ్వడం పెరోల్. ఫెడరల్ కేసుల్లో దీన్ని 1984 చట్టంతో ఎత్తేశారు. 1987 నవంబర్ 1 తర్వాత జరిగిన నేరాలకు ఫెడరల్ పెరోల్ లేదు. దాని స్థానంలో వచ్చిందే సూపర్‌వైజ్డ్ రిలీజ్. ఇందులో మెలిక ఏమిటంటే, ఇది జైలుశిక్ష పూర్తిగా అయిపోయాక దాని పైన అదనంగా పడుతుంది. మూడేళ్ల జైలు, మూడేళ్ల సూపర్‌వైజ్డ్ రిలీజ్ అని జడ్జి చెప్పారంటే మొత్తం ఆరేళ్ల లెక్క. తీవ్రమైన నేరాలకు ఐదేళ్ల వరకు, మధ్యస్థమైన వాటికి మూడేళ్ల వరకు, చిన్నవాటికి ఏడాది వరకు వేయవచ్చు. కొన్ని డ్రగ్స్ కేసుల్లో, లైంగిక నేరాల్లో జీవితాంతం కూడా ఉంటుంది.

ఈ తేడా వల్ల షరతు తప్పినప్పుడు పడే దెబ్బ కూడా మారుతుంది. వైర్ ఫ్రాడ్ తీసుకోండి. ఫోనో, ఇంటర్నెటో వాడి చేసిన మోసం. మామూలుగా దీనికి గరిష్ఠంగా 20 ఏళ్ల జైలు. ఒకరికి జడ్జి జైలు లేకుండా ప్రొబేషన్ ఇచ్చారనుకుందాం. అతను షరతు తప్పి, ప్రొబేషన్ రద్దయితే జడ్జి మొదటి నేరానికే మళ్లీ శిక్ష వేస్తారు. ఆ 20 ఏళ్ల గరిష్ఠం మళ్లీ బల్ల మీదికి వస్తుంది. అంత వేయకపోవచ్చు, కానీ ఆ తలుపు తెరుచుకున్నట్టే. ఇదే నేరానికి జైలు అనుభవించి వచ్చి సూపర్‌వైజ్డ్ రిలీజ్‌లో ఉన్నవాడు తప్పితే, ఒకసారి రద్దు చేసి వేయగలిగే జైలు రెండేళ్లకు మించకూడదు. మొదటి నేరం తరగతిని బట్టి ఈ పరిమితి ఐదేళ్లు, మూడేళ్లు, రెండేళ్లు, ఏడాది అని చట్టంలో ఉంది.

రెండేళ్లే కదా అని తేలిగ్గా తీసుకోవడానికి లేదు. బయట సక్రమంగా గడిపిన కాలానికి ఇక్కడ క్రెడిట్ ఉండదు. రెండున్నరేళ్లు ఒక్క మాట పడకుండా నడిచి, చివరి నెలల్లో తప్పినా, జైలు ఎంత వేయాలన్న లెక్కలో ఆ రెండున్నరేళ్లు తీసేయరు. పైగా ఆ జైలు అయ్యాక మళ్లీ కొంత సూపర్‌వైజ్డ్ రిలీజ్ వేయవచ్చు. మళ్లీ తప్పితే మళ్లీ జైలు. మొదటి నేరం ఒక్కటే అయినా ఏళ్ల తరబడి ఈ గానుగలో తిరిగేవాళ్లు ఉంటారు.

షరతులు ఎక్కడ కాలికి తగులుతాయి

కాగితం మీద షరతులు చదివితే కష్టంగా అనిపించవు. విడుదలైన 72 గంటల్లో ప్రొబేషన్ ఆఫీసులో కనపడాలి. ఇల్లు మారాలంటే పది రోజుల ముందు చెప్పాలి. వారానికి కనీసం 30 గంటల పని చేయాలి, లేదా ఉద్యోగం వెతుక్కుంటూ ఉండాలి. పోలీసులు ఆపి ప్రశ్నించినా 72 గంటల్లో ఆఫీసరుకి చెప్పాలి. తుపాకీ దగ్గర ఉండకూడదు. నేరచరిత్ర ఉన్నవాళ్లతో అనుమతి లేకుండా కలవకూడదు. ఆఫీసర్ ఇంటికి వస్తే లోపలికి రానివ్వాలి. అనుమతి లేకుండా జ్యుడీషియల్ డిస్ట్రిక్ట్, అంటే ఆ ఫెడరల్ కోర్టు పరిధి దాటకూడదు.

ఈ చివరిది ఎలా ఇబ్బంది పెడుతుందో డాలస్‌లో ఉండే మనవాళ్లకు చెబితే వెంటనే అర్థమవుతుంది. ఇర్వింగ్ ఉన్నది డాలస్ కౌంటీలో. అది టెక్సాస్ నార్తర్న్ డిస్ట్రిక్ట్ కిందికి వస్తుంది. ప్లేనో, ఫ్రిస్కో ఉన్నవి కాలిన్, డెంటన్ కౌంటీల వైపు. అవి ఈస్టర్న్ డిస్ట్రిక్ట్. ఇర్వింగ్‌లో ఉంటూ ఫెడరల్ సూపర్‌వైజ్డ్ రిలీజ్‌లో ఉన్న మనిషి, మంగళవారం సాయంత్రం ఫ్రిస్కోలోని కార్యసిద్ధి హనుమాన్ గుడికి అరగంట కారు నడిపాడంటే, షరతు అక్షరాలా చదివితే డిస్ట్రిక్ట్ దాటేశాడు. దారిలో బోర్డర్ ఉండదు, బోర్డు కూడా కనపడదు. ముందుగా ఆఫీసరుకి ఒక మెసేజ్ పెట్టి అనుమతి తీసుకుంటే పోయేదానికి, తర్వాత జడ్జి ముందు నిలబడి వివరించుకోవాలి. రాష్ట్ర కోర్టు కేసుల్లో అయితే కౌంటీ దాటొద్దని కూడా షరతు పెడుతుంటారు. మన విద్యార్థుల చిన్న కేసులు చాలావరకు రాష్ట్ర కోర్టుల్లోనే నడుస్తాయి కాబట్టి, ఆర్డరులో ఏ గీత గీశారో అక్షరం అక్షరం చదువుకోవాలి.

రెండోది మూత్ర పరీక్ష. ఫెడరల్ చట్టం ప్రకారం విడుదలైన 15 రోజుల్లో ఒక డ్రగ్ టెస్టు, తర్వాత కనీసం రెండు ఉంటాయి. ఇక్కడ మన వంటింటికి సంబంధించిన ఒక సంగతి చెప్పాలి. గసగసాలు నల్లమందు మొక్క గింజలు. నాటుకోడి పులుసులో గసగసాలూ కొబ్బరీ కలిపి నూరి ముద్ద వేస్తాం, బిర్యానీ మసాలాలో వేస్తాం. ఆ గింజల మీద అంటుకుని ఉండే కొద్దిపాటి మార్ఫిన్, కోడీన్ పరీక్షలో కనపడగలవు. ఫెడరల్ ఉద్యోగుల డ్రగ్ టెస్టుల్లో ఓపియేట్ (నల్లమందు జాతి మందుల) హద్దును 1998లో మిల్లీలీటరుకు 300 నానోగ్రాముల నుంచి 2000కి పెంచడానికి ఈ గసగసాల గొడవే ఒక కారణం. 2023లో అమెరికా రక్షణశాఖ సైనికులను గసగసాలు తినొద్దని హెచ్చరించింది. పరీక్షల్లో ఉన్నన్నాళ్లు ఇంట్లో గసగసాల డబ్బా పక్కన పెట్టేయడం మంచిది. అమ్మ ఊరి నుంచి పంపిన మసాలా పొడిలో ఏముందో అడిగి తెలుసుకోవాలి.

గంజాయి విషయంలో ఇంకో వల ఉంది. కాలిఫోర్నియాలోనో కొలరాడోలోనో దుకాణంలో బిల్లు ఇచ్చి మరీ అమ్ముతారు. ఫెడరల్ చట్టం దృష్టిలో అది ఇప్పటికీ నియంత్రిత పదార్థమే. ఫెడరల్ నిఘాలో ఉన్నవాడు ఆ దుకాణం బిల్లు చూపించినా ఉపయోగం లేదు. ఏడాదిలో మూడుసార్లకు మించి డ్రగ్ టెస్టులో దొరికినా, టెస్టుకి నిరాకరించినా, డ్రగ్స్ దగ్గర పెట్టుకున్నా, తుపాకీ దొరికినా జడ్జి రద్దు చేసి తీరాలని చట్టం చెబుతుంది. చికిత్సకు పంపే మార్గం ఉందేమో చూడమని కోర్టును అడగవచ్చు. అది కొన్నిసార్లు ఫలిస్తుంది.

కేసు కొట్టేసినా ఉల్లంఘన ఉల్లంఘనే

ఉల్లంఘనలు రెండు రకాలు. కొత్త నేరం చేయడం ఒకటి. నేరం ఏమీ లేకుండా షరతు మాత్రమే తప్పడం రెండోది. దీన్ని టెక్నికల్ వయొలేషన్ అంటారు: అపాయింట్‌మెంట్‌కి వెళ్లకపోవడం, చిరునామా చెప్పకపోవడం, క్లాసులు ఎగ్గొట్టడం లాంటివి.

ఫిలడెల్ఫియా ర్యాపర్ మీక్ మిల్ కేసు చూస్తే ఇది ఎంత దూరం వెళ్లగలదో తెలుస్తుంది. 19 ఏళ్ల వయసులో పోలీసులకు దొరికిన కేసులో 2008లో కోర్టు అతన్ని దోషిగా తేల్చింది. ఆ తర్వాత పదేళ్లపాటు ప్రొబేషన్ అతన్ని వదల్లేదు. 2017లో న్యూయార్క్ వీధిలో డర్ట్ బైక్ ముందు చక్రం పైకెత్తి నడిపినందుకు ఒక కేసు, సెయింట్ లూయిస్ ఎయిర్‌పోర్టులో జరిగిన గొడవకు ఇంకోటి పడ్డాయి. ఆ రెండు కేసులూ నిలబడలేదు. ప్రాసిక్యూటర్, ప్రొబేషన్ ఆఫీసర్ ఇద్దరూ జైలు అవసరం లేదన్నారు. అయినా జడ్జి 2017 నవంబరులో రెండు నుంచి నాలుగేళ్ల జైలు వేశారు. ఐదు నెలలు లోపల ఉన్నాక 2018 ఏప్రిల్‌లో బయటికొచ్చాడు. 2019లో అసలు పాత శిక్షనే పైకోర్టు కొట్టేసింది.

కేసు నిలబడకపోయినా జైలు ఎలా పడింది? ఉల్లంఘన విచారణ మామూలు క్రిమినల్ విచారణ కాదు. మామూలు కేసులో సాధారణంగా జూరీ ఉంటుంది, అనుమానానికి తావు లేకుండా రుజువు చేయాలి. ఇక్కడ జూరీ లేదు. జడ్జి ఒక్కరే. త్రాసు ఒకవైపు కాస్త మొగ్గితే చాలు, జరిగి ఉండటానికే ఎక్కువ అవకాశం ఉందని జడ్జికి అనిపిస్తే చాలు. అరెస్టయ్యాక బయటికి రావాలంటే కూడా బరువు మన మీదే ఉంటుంది. పారిపోనని, ఎవరికీ ప్రమాదం కాదని ఫెడరల్ కోర్టులో ఆ మనిషే గట్టి ఆధారాలతో చూపాలి.

హక్కులు బొత్తిగా లేవని కాదు. 1972లో మోరిసీ కేసులో సుప్రీంకోర్టు పెరోల్ రద్దుకు ముందు విచారణ ఉండి తీరాలంది. ఆ మరుసటి ఏడాది స్కార్పెల్లి కేసులో ప్రొబేషన్‌కీ అదే వర్తింపజేసింది. ఏ షరతు ఎప్పుడు తప్పారో రాతపూర్వకంగా చెప్పాలి, ఆధారాలు చూపించాలి, సాక్షులను తెచ్చుకునే వీలుండాలి. ఫెడరల్ కోర్టులో లాయరును పెట్టుకునే స్తోమత లేకపోతే అడిగితే నియమిస్తారు. శిక్ష ఖరారు చేసే ముందు ఆ మనిషి చెప్పుకునేది వినాలి.

చాలామంది దెబ్బతినేది కోర్టుకి రాకముందే, ఆఫీసరుతో మాట్లాడేటప్పుడు. ఆఫీసర్లలో మంచివాళ్లు ఉంటారు, ఉద్యోగం వెతకడంలో సాయం చేసేవాళ్లుంటారు. అయినా వాళ్లు కోర్టు మనుషులు. 1984లో మర్ఫీ కేసులో ఒకతను తన పాత హత్య గురించి ప్రొబేషన్ ఆఫీసరుతో ఒప్పుకున్నాడు. మౌనంగా ఉండే హక్కు ఉందని పోలీసులు చెప్పే హెచ్చరిక ఏదీ ఆ ఆఫీసరు అతనికి చెప్పలేదు. అయినా ఆ మాటలను సాక్ష్యంగా వాడుకోవచ్చని సుప్రీంకోర్టు తేల్చింది. మౌనంగా ఉండే హక్కు కావాలంటే ఆ మాట నోరు తెరిచి చెప్పాలి. అబద్ధం చెప్పడం మాత్రం ఎప్పుడూ దారి కాదు, అది ఇంకో ఉల్లంఘన అవుతుంది. కొత్త నేరం ఆరోపణకు సంబంధించిన ప్రశ్న వస్తే "మా లాయరుతో మాట్లాడి చెబుతాను" అనడంలో తప్పేమీ లేదు.

జరిమానా కట్టలేకపోతే? జార్జియాలో డానీ బేర్డెన్ అనే అతనికి 500 డాలర్ల జరిమానా, 250 డాలర్ల నష్టపరిహారం కట్టాలన్న షరతుతో ప్రొబేషన్ ఇచ్చారు. తొమ్మిదో తరగతి వరకు చదివాడన్న మాటే గానీ చదవడం రాదు. అమ్మానాన్నల దగ్గర 200 డాలర్లు అప్పు తెచ్చి మొదటి రెండు రోజుల్లోనే కట్టాడు. దాదాపు నెల తర్వాత కార్పెట్ మిల్లులో ఉద్యోగం పోయింది. పని కోసం తిరిగాడు, దొరకలేదు. గడువుకు మిగతా డబ్బు కట్టలేనని ప్రొబేషన్ ఆఫీసుకి ముందే చెప్పాడు కూడా. అయినా ప్రొబేషన్ రద్దు చేసి జైల్లో వేశారు. 1983లో సుప్రీంకోర్టు దాన్ని తప్పుబట్టింది. ఉండీ ఎగ్గొట్టాడా, లేక కట్టడానికి నిజంగా ప్రయత్నించాడా అని విచారించకుండా, పేదరికానికి జైలు వేయకూడదంది. అందుకే జీతం స్లిప్పులు, పంపిన ఉద్యోగ దరఖాస్తులు, అద్దె రసీదులు అన్నీ దాచుకోవాలి. బేర్డెన్ చేసిన ప్రయత్నమే అతన్ని కాపాడింది.

ఉల్లంఘన రుజువైనా జైలే అని లేదు. చట్టం తప్పనిసరి చేసిన సందర్భాలు పక్కన పెడితే జడ్జి హెచ్చరించి కొనసాగించవచ్చు, షరతులు పెంచవచ్చు, చికిత్సకు పంపవచ్చు, ఇంట్లో నిర్బంధం పెట్టవచ్చు, గడువు పొడిగించవచ్చు. 2025 జూన్‌లో ఎస్టెరాస్ కేసులో సుప్రీంకోర్టు ఇంకో ముఖ్యమైన మాట చెప్పింది. సూపర్‌వైజ్డ్ రిలీజ్ రద్దు చేసేటప్పుడు పాత నేరానికి ప్రతీకారంగా శిక్షించాలన్న ఆలోచనను జడ్జి లెక్కలోకి తీసుకోకూడదు. మనిషిని దారిలో పెట్టడం, జనాన్ని కాపాడడం లాంటివే చూడాలి. నా దృష్టిలో ఇది అగస్టస్ మొదలుపెట్టిన దారికి దగ్గరగా వచ్చిన తీర్పు.

మన దేశంలోనూ 1958 నాటి ప్రొబేషన్ ఆఫ్ అఫెండర్స్ చట్టం ఉంది. దానిలో షరతు మొదటిసారి తప్పినవాడికి కోర్టు 50 రూపాయలకు మించని జరిమానా వేసి, బాండు కొనసాగించవచ్చు. పాత నేరానికి శిక్ష వేసే అధికారమూ ఉంది. ఈ 50 రూపాయల ఊహతో అమెరికా ఆర్డరు కాగితాన్ని చూడకూడదు.

వీసా మీద ఉన్నవాళ్లకు అసలు ముప్పు

టెక్సాస్‌లో డిఫర్డ్ అడ్జుడికేషన్ అనే పద్ధతి ఉంది. నేరం ఒప్పుకున్నా, లేదా వాదించనని చెప్పినా, జడ్జి దోషిగా ప్రకటించకుండా వాయిదా వేసి ప్రొబేషన్‌లో పెడతారు. గడువు సవ్యంగా పూర్తయితే కేసు కొట్టేస్తారు. తప్పితే ఆ నేరానికి ఉన్న పూర్తి స్థాయి శిక్ష మళ్లీ తెరపైకి వస్తుంది. వంద డాలర్ల నుంచి 750 లోపు సరుకు దొంగతనం అక్కడ క్లాస్ బి (చిన్న నేరాల్లో ఒక తరగతి) నేరం, గరిష్ఠంగా 180 రోజుల జైలు. షాపులో బిల్లు చేయకుండా బయటికొచ్చి దొరికిన విద్యార్థికి ఈ ఏర్పాటు వరంలా కనిపిస్తుంది. కేసు కొట్టేస్తారట కదా అంటాడు.

ఇమిగ్రేషన్ చట్టం ఆ మాట వినదు. 1996 నుంచి అమల్లో ఉన్న నిర్వచనం ప్రకారం, నేరం ఒప్పుకోవడమో వాదించకపోవడమో జరిగి, జడ్జి ఏదో ఒక శిక్షో ఆంక్షో విధిస్తే అది శిక్ష పడిన కేసే. రాష్ట్ర కోర్టు తర్వాత కొట్టేసినా, ఇమిగ్రేషన్ ఫారంలో మాత్రం అది మిగులుతుంది. జైలుశిక్ష వేసి అమలు నిలిపేసినా వేసిన పూర్తికాలం లెక్కలోకి వస్తుంది. దొంగతనం కేసులో ఏడాది జైలు వేసి మొత్తం నిలిపేస్తే, ఒక్క రోజు కూడా లోపల గడపని మనిషి ఇమిగ్రేషన్ దృష్టిలో అత్యంత తీవ్రమైన నేరాల జాబితాలోకి వెళ్తాడు. 364 రోజులు వేసి ఉంటే ఆ ముద్ర పడేది కాదు. ఒక్క రోజు తేడా.

అందుకే 2010లో పాడిలా కేసులో, నేరం ఒప్పుకునే ముందు దేశం నుంచి పంపించే ప్రమాదం గురించి క్రిమినల్ లాయర్ చెప్పి తీరాలని సుప్రీంకోర్టు ఆదేశించింది. ఆ కేసులోని మనిషి నలభై ఏళ్లకు పైగా అమెరికాలో చట్టబద్ధంగా ఉన్నవాడు, వియత్నాం యుద్ధంలో పనిచేసినవాడు. ఇన్నేళ్లుగా ఉన్నావు, భయం లేదని అతని లాయర్ చెప్పాడు. ఆ మాట నమ్మి మునిగాడు. కాబట్టి సంతకం పెట్టకముందే క్రిమినల్ లాయరుతో పాటు ఇమిగ్రేషన్ లాయరుకీ ఆ కాగితం చూపించాలి. తాగి కారు నడిపిన కేసులో అరెస్టు దగ్గరే వీసా రద్దు కావచ్చు, తీర్పు దాకా ఆగరు. ప్రొబేషన్‌లో ఉండగా పెళ్లికో, ఇంట్లో ఎవరికైనా బాగాలేదనో ఇండియా బయల్దేరాలంటే కోర్టు అనుమతి ఒక్కటే సరిపోదు. తిరిగొచ్చేటప్పుడు వీసా, ఎయిర్‌పోర్టు అధికారి వేరే సమస్య.

ఏదైనా షరతు ఇప్పటికే తప్పి ఉంటే, భయంతో ఆఫీసుకి వెళ్లడం మానేయడం అన్నిటికంటే పెద్ద నష్టం. గడువు ముగిసేలోగా వారెంట్ పుట్టిందంటే, ఆ తర్వాత కూడా కోర్టు పిలిచి విచారించగలదు. ముందు లాయరుకి ఫోన్ చేయాలి. అపాయింట్‌మెంట్ తప్పితే ఆస్పత్రి కాగితమో, ఆఫీసు షిఫ్టు షెడ్యూలో జత చేసి, ఆ రోజే ఈమెయిల్ పెట్టాలి. నోటి మాటగా ఇచ్చిన అనుమతిని కూడా "మీరు చెప్పినట్టు శనివారం వెళ్లొస్తున్నాను" అని రాసి పంపితే, ఆఫీసర్ మారినా ఆధారం మిగులుతుంది.

ఫెడరల్ సూపర్‌వైజ్డ్ రిలీజ్‌లో ఏడాది పూర్తయ్యాక మిగతా గడువు ముందే ముగించమని కోర్టును అడగవచ్చు. ప్రొబేషన్‌లో ఫెలనీకి (తీవ్రమైన నేరానికి) ఏడాది తర్వాత, చిన్న నేరానికి ఎప్పుడైనా అడగవచ్చు. ఎవరూ వచ్చి గుర్తు చేయకపోవచ్చు. ఆ తేదీ ఫోన్ క్యాలెండర్‌లో పెట్టుకుని, ఆ వారంలోనే లాయరుతో దరఖాస్తు వేయించాలి.